చదివినట్టు పొడి సంతకం

ముప్పై మూడేళ్లు ప్రోగ్రాములు రాశాను, రాయించాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు చెప్పదగ్గది నా దగ్గర ఏముందా అని వెతుక్కున్నాను. ప్రమోషన్ల గొడవ మీకెందుకు? నేను వాడిన యంత్రాలు ఇప్పుడు పాత సామాన్లవాడు కూడా తీసుకోడు. చివరికి ఒక్క పని మిగిలింది. చిన్న పని. నేను చేసినవాటిలో అందరూ మెచ్చుకున్నది అదే. దానివల్ల నర్సింలు అనే ఒక మనిషి ఉద్యోగం పోయింది, పేరు పోయింది. ఆ పోవడంలో నా చెయ్యి ఉంది. ఇందులో ఎక్కడో ఒకచోట అంతా సర్దుకుంటుందని మీరు ఎదురుచూడకండి. సర్దుకోలేదు.

గుట్టల మధ్య ఆఫీసు

తొంభైల చివర మా కంపెనీ అమీర్‌పేటలోని ఒక అద్దె మేడ నుంచి మాదాపూర్ దాటాక కొత్తగా లేచిన అద్దాల భవనంలోకి మారింది. మెహదీపట్నంలో ఆఫీసు బస్సెక్కితే సగం దారి నుంచీ రెండు పక్కలా బండలే. మధ్యాహ్నాలు గచ్చిబౌలి వైపు రాళ్లు పేల్చేవారు. పేలినప్పుడల్లా మా మానిటర్లు ఒకసారి వణికేవి. "ఇంకో ఆఫీసు వస్తోందండోయ్" అని ఎవరో ఒకరు అనేవారు, మళ్లీ పనిలో పడేవాళ్లం.

మేం చేసేదేమిటంటే, యూనిక్స్ జాతి ఆపరేటింగ్ సిస్టం ఒకటి తీసుకుని, దానిమీద డేటాబేసు, ప్రింటరు ప్రోగ్రాములు, రిపోర్టులు అన్నీ కలిపి ఆసుపత్రులకూ కాలేజీలకూ సంఘాలకూ అమర్చిపెట్టడం. ఆ ప్రోగ్రాములు ఒక్కొక్కటీ ఒక ప్యాకేజీ. ఏ యంత్రంలో ఏ ప్యాకేజీ ఉంది, అది ఎన్నో వెర్షన్, కొత్తది వస్తే పాతదాన్ని తీసి ఎలా పెట్టాలి, ఇదంతా చూసుకునే ప్రోగ్రాం పేరు ప్యాకేజీ మేనేజర్. ఇప్పుడు మీ ఫోన్లో యాప్‌లు మీరు నిద్రలేచేసరికి కొత్తవైపోతున్నాయి కదా, ఆ పనే. అప్పుడు మాత్రం మా ఇంజనీరు సీడీ పట్టుకుని బస్సెక్కి వెళ్లి చేసేవాడు. ఆ ప్యాకేజీ మేనేజర్ మా బృందం చేతిలో ఉండేది. ఏడుగురం. పెద్దదాన్ని నేను.

కొత్త వెర్షన్ వేసినప్పుడల్లా ఏదో ఒకటి చెడేది. ఫైలు పేరు మారేది, ప్రింటరు మొరాయించేది. మర్నాడు పొద్దున్నే ఫోను. "ముందే చెప్పి ఏడవొచ్చు కదమ్మా?" అని ఒక కాలేజీ ప్రిన్సిపాల్ గారు నన్ను ఆ మాటల్లోనే తిట్టారు. నిజానికి చెబుతూనే ఉన్నాం. సీడీతో పాటు ఒక కాగితం పంపేవాళ్లం. ఆ కాగితం మీద టీ గ్లాసులు పెట్టుకునేవారు.

అప్పుడు పుట్టిన ఆలోచనే ఈ వార్తల సదుపాయం. కొత్త వెర్షన్ వేసేముందు ప్యాకేజీ మేనేజరే ఆగి, "ఒక వార్త ఉంది, ఇది చదువు" అని స్క్రీను మీద చూపిస్తుంది. కాగితమైతే పక్కన పడేస్తారు గానీ స్క్రీనును పక్కన పడేయలేరు కదా అనుకున్నాం.

నేను గెలిచిన పోట్లాట

దాని నమూనా నేనే రాశాను. పని చెడే ప్రమాదం ఉంటేనే వార్త రాయాలి. ఆ ప్యాకేజీ ఉన్న యంత్రానికే చూపించాలి, లేనివాణ్ని విసిగించకూడదు. ఒక్క స్క్రీనులో ఇమిడిపోవాలి. రాసినవాళ్లు కాక ఇంకొకరు చదివి సరేనంటేనే బయటికి వెళ్లాలి. ఇప్పటికీ ఆ నియమాల్లో తప్పు పట్టలేను. అందుకే మరీ బాధ.

అమ్మకాలు చూసే రాజశేఖర్ గారు వారం తిరక్కుండా నా టేబుల్ దగ్గరికొచ్చారు.

"మేడం, కస్టమర్ కళ్లు ఆ స్క్రీన్ మీదే ఉంటాయండి. ఉగాది శుభాకాంక్షలని ఒక్క ముక్క పెట్టండి. కింద మన కొత్త ప్రొడక్టు పేరు. మీ సొమ్మేం పోయింది?"

"ఇవాళ శుభాకాంక్షలు చూసి ఎంటర్ కొట్టినవాడు రేపు ప్రమాదం చూసి కూడా ఎంటరే కొడతాడండి. నేను పెట్టనివ్వను."

"మీకు కస్టమర్ అంటే అంత చులకనేంటండి?"

పెద్ద గొడవే అయింది. పైదాకా వెళ్లింది. నేనే గెలిచాను. ఆర్నెల్లు క్యాంటీన్‌లో ఆయన నా వైపు చూడలేదు. నేను మాత్రం ఎంత గర్వపడ్డానో చెప్పలేను. ఒక్క పనికిమాలిన వార్త కూడా వెళ్లనివ్వలేదని కొత్తగా చేరిన పిల్లలకు కథలు కథలుగా చెప్పేదాన్ని. నా కాపలా అంతా వీధి గుమ్మం దగ్గరే. పెరటి తలుపు నేనే తీసిపెట్టానని అప్పటికి నాకు తెలియదు.

మూర్తిగారు

మా పై అధికారి మూర్తిగారు. చెడ్డవాడని రాస్తే నాకు తేలికగా ఉండేది, కానీ ఆయన మంచివాడు. నేను కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో అద్దె ఇల్లు వెతికిపెట్టింది ఆయనే. నా ప్రోగ్రాములో తప్పు దొరికితే అందరిముందూ అనకుండా టీకి పిలిచి చెప్పేవారు. అంతకుముందు ఇరవయ్యేళ్లు ప్రభుత్వ కర్మాగారంలో చేసి వచ్చారు.

అక్కడి సర్క్యులర్ పుస్తకం గురించి నవ్వుతూ చెప్పేవారు. పైనుంచి ఉత్తర్వు వస్తే దాన్ని పుస్తకంలో అంటించి అటెండర్ చేత టేబుల్ టేబుల్‌కీ పంపేవారట. చదివినట్టు ప్రతివాడూ పక్కన పొడి సంతకం పెట్టాలి. ఎవరూ చదవరు. సెలవులో ఉన్నవాడి సంతకం పక్కసీటువాడు పెట్టేస్తాడు. తర్వాత ఏదైనా జరిగితే పుస్తకం తీస్తారు. "నీ సంతకం ఉందా లేదా?" అంటారు. అంతే.

ఇది హాస్యంగా చెప్పిన మనిషే, మా వార్తల నమూనా చూసి అదే పెట్టమన్నారు.

ఆ రోజు నా దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి, ప్రమాదకరమైన మార్పు వచ్చినప్పుడు ప్యాకేజీ మేనేజరే వెతికి చూడాలి. పాత డేటాకు వేరే కాపీ తీశారా? తీయకపోతే కొత్త వెర్షన్ వేయనే వేయదు. ఎవరు ఎంత కొట్టినా కదలదు. దానికి ఇంకో మూడు వారాలు కావాలి. రెండోది, వార్త చూపించి, అవతలివాడు సరేనంటే ముందుకు పోవడం.

"మెషిన్ కస్టమర్‌ని ఆపడమేంటమ్మా?" అన్నారు మూర్తిగారు. "ఆయన యంత్రం, ఆయన ఇష్టం. మనం చెప్పాలి. చెప్పినట్టు రుజువు ఉంచుకోవాలి. ఇనీషియల్స్ కొట్టించు. కొట్టకపోతే ముందుకెళ్లకూడదు. సింపుల్‌గా ఉంటుంది."

"చదవకుండా కొట్టేస్తారేమోనండి."

"అది వాళ్ల బాధ్యత కదమ్మా."

నాకు ఆ మాట నచ్చింది. దాచుకోవడమెందుకు, బాగా నచ్చింది. మూడు వారాలు మిగులుతున్నాయి. పైగా చూడ్డానికి శుభ్రంగా ఉంది. వార్త, దాని కింద "చదివినట్టు మీ పొడి అక్షరాలు" అని ఒక గీత. రెండు అక్షరాలు కొడితే తలుపు తెరుచుకుంటుంది.

ఎవరు కొట్టారు, ఎప్పుడు కొట్టారు అన్నది యంత్రం ఒక ఫైల్లో రాసుకునేది. వార్త స్క్రీను మీదికి ఎప్పుడొచ్చిందో కూడా రాసుకునేది. అది నేను కావాలనే పెట్టాను, చదవడానికి ఎంతసేపు తీసుకున్నారో తెలుస్తుందని. కానీ ప్రింటు తీస్తే ఎనభై అక్షరాల వరసలో అన్నీ పట్టలేదు, రెండో వరసలోకి జారి వికారంగా కనిపించాయి. మూర్తిగారు ఒక్క వరసలో రమ్మన్నారు. ప్రింటులోంచి ఒక గడి తీసేశాను. తీసేసింది ఏదో మీరు ఊహించే ఉంటారు. వార్త ఎప్పుడొచ్చిందన్నది ఫైల్లోనే ఉండిపోయింది, కాగితం మీద అక్షరాలూ, కొట్టిన సమయమూ మిగిలాయి. పది నిమిషాల పని. తర్వాత వెళ్లి భోంచేశాను.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. మా ఇంజనీర్లు ఎక్కడికెళ్లినా కస్టమర్ పొడి అక్షరాలు వాళ్లే కొట్టేస్తున్నారని నాకు తెలుసు. వార్త ఇంగ్లీషులో ఉండేది. ఆ రోజుల్లో ఆ స్క్రీను మీద తెలుగు రాదు. మా వాడు వెళ్లగానే కస్టమర్ లేచి, "కూర్చోండి సార్" అని కుర్చీ ఇచ్చేసేవాడు. కుర్చీలో ఎవరుంటే వాళ్లే కొడతారు. ఒకసారి మావాళ్లు ఊళ్ల నుంచి ఫ్లాపీల్లో తెచ్చిన ఆ ఫైళ్లు తిరగేస్తుంటే ఏ ఊళ్లో చూసినా వార్త రావడానికీ సంతకానికీ మధ్య రెండు సెకన్లు, మూడు సెకన్లు. "మనవాళ్లు భలే స్పీడుగా చదువుతార్రా" అన్నాను. అందరం నవ్వుకున్నాం.

రక్తదాతల జాబితా

మా కస్టమర్లలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉండేది. దాని బ్లడ్‌బ్యాంకులో పనిచేసేవాడు నర్సింలు. నల్గొండ జిల్లా మనిషి, నలభై దాటాయి. రికార్డు రూములో అటెండర్‌గా చేరి, సొంతంగా టైపు నేర్చుకుని, కంప్యూటర్ వచ్చాక దాని ముందు కూర్చున్నాడు. మా దగ్గర శిక్షణకు వచ్చినప్పుడు పొడుగు నోటుబుక్కు తెచ్చుకున్నాడు. ఇంగ్లీషు కమాండ్లను తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. ప్రతి పేజీ చివర "ఎంటర్ కొట్టవలెను" అని రాసి కింద గీత గీసేవాడు.

"తప్పు ఒత్తితే మిషన్ కరాబైతదా మేడం?" అని అడిగాడు మొదటిరోజు.

"కాదు నర్సింలు గారూ, భయపడకండి. ఏదైనా ప్రమాదముంటే అదే మీకు ముందు చెబుతుంది."

ఈ మాట అన్నది నేనే.

రక్తం ఇస్తామని పేరిచ్చినవాళ్ల కార్డులు చెక్క సొరుగుల్లో ఉండేవి. వాటన్నిటినీ మూడేళ్లపాటు ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఎవరిది అరుదైన గ్రూపు, ఎవరింట్లో ఫోను లేదు, ఎవరికి పక్కింటి ఫోనుకి చేసి పిలవమనాలి, ఇవన్నీ కూడా ఎక్కించాడు. పని పూర్తయ్యాక కార్డులను తీసేసి ఆ జాగాలో ఫ్రిజ్ పెట్టుకున్నారు. ఎందుకు దాచాలి? అంతా మిషన్లో ఉంది. రోజూ సాయంత్రం ఇంటికెళ్లేముందు జాబితాను టేపు మీదికి కాపీ తీసేవాడు. రెండు టేపులు. ఇవాళ ఒకటి, రేపు రెండోది, ఎల్లుండి మళ్లీ మొదటిది. ఒక్కరోజు కూడా తప్పలేదు.

ఆ ఏడు డేటాబేసు ప్యాకేజీకి పెద్ద మార్పు వచ్చింది. కొత్త వెర్షన్ పాత ఫైళ్లను చదవలేదు. ముందుగా పాతదాంతోనే డేటా అంతా బయటికి తీసి దాచుకోవాలి, తర్వాతే కొత్తది వేయాలి. లేకపోతే అది ఆ జాగాలో ఖాళీ ఫైళ్లు తయారుచేసుకుని కూర్చుంటుంది. దానికి వార్త రాసింది నేనే. నాలుగుసార్లు తిరగరాశాను. నేను రాసిన వార్తలన్నిటిలో అది మంచిది.

ఒక సోమవారం మా ఇంజనీరు సురేష్ సీడీ తీసుకుని ఆ ఆసుపత్రికి వెళ్లాడు. వరంగల్ కుర్రాడు, చురుకైనవాడు. ఆ రోజు అతనికది మూడో చోటు. నర్సింలు కుర్చీ ఇచ్చి, సార్ వచ్చాడని చాయ్ తేవడానికి బయటికి వెళ్లాడు. వార్త వచ్చింది. సురేష్ నర్సింలు పేరుకు పొడి అక్షరాలుగా "ఎన్.ఎల్." అని కొట్టి ముందుకెళ్లిపోయాడు. ఆ వార్త అతనికి కంఠతా వచ్చు. మిగతా చోట్ల కాపీ తీశాడు కూడా. ఇక్కడ తీశాననే అనుకున్నాడు.

నర్సింలు చాయ్ తెచ్చాడు. ఇద్దరూ తాగారు. స్క్రీను మీద ఏ తప్పూ చూపించలేదు. సురేష్ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం నర్సింలు మామూలుగా టేపు తీశాడు, ఖాళీ జాబితాను. మంగళవారం రెండో టేపు మీదికి కూడా అదే ఖాళీని తీశాడు. ఆ రెండ్రోజులూ జాబితా తెరిచి చూసే అవసరం రాలేదు. బుధవారం పొద్దున కాన్పుకొచ్చిన ఒకావిడకు అరుదైన నెగెటివ్ గ్రూపు రక్తం కావలసివచ్చింది. నర్సింలు గ్రూపు కొట్టి చూశాడు. ఎవరూ లేరంది. మామూలు గ్రూపు కొట్టి చూశాడు. ఎవరూ లేరంది.

ఆవిడ బతికింది. నర్సింలుకు ఒక దాత ఉండే వీధి గుర్తుంటే, ఆటో మాట్లాడుకుని వెళ్లి ఇల్లు వెతికి మనిషిని తీసుకొచ్చాడు. అందులో మా గొప్పేమీ లేదు. అతని బుర్రలో మిగిలినంత కూడా మా యంత్రంలో మిగల్లేదు.

అడిగినదానికి సమాధానం

విచారణ పెట్టారు. ఆ ముందురోజు సురేష్ ఆఫీసు బస్సులో నా పక్కన వచ్చి కూర్చున్నాడు. మొహం పాలిపోయి ఉంది.

"మేడం, గా ఇనీషియల్స్ నేనే కొట్టిన. ఆయన చాయ్ తేనీకి పోయిండు. అందరం గట్లనే చేస్తం గద మేడం."

"కాపీ?"

"తీసిననే అనుకున్న మేడం. మా చెల్లెలి సదువు నా మీదనే ఉన్నది. ఏం చెయ్యమంటరు?"

నేను మూర్తిగారి దగ్గరికి వెళ్లి చెప్పాను. విచారణకు ప్రింటు తీయడానికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఫైలు చూశానని, అందులో వార్త వచ్చిన సమయం ఉందని, సంతకానికి మధ్య మూడు సెకన్లేనని, నర్సింలు అప్పుడు గదిలోనే లేడని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ కుర్రాడి పని అయిపోతుందమ్మా. ఈ కాంట్రాక్టు పోతే మీ ఏడుగురి సంగతీ అంతే. వాళ్లు అడిగినదానికే సమాధానం చెప్పు. అబద్ధం చెప్పమనడం లేదు."

మర్నాడు ఆసుపత్రిలో పెద్ద బల్ల చుట్టూ కూర్చున్నాం. సూపరింటెండెంట్ గారు, ట్రస్టు పెద్దాయన ఒకరు, మూర్తిగారు, నేను. నర్సింలు నిలబడి ఉన్నాడు. ఒక నోటుబుక్కు పట్టుకున్నాడు. జాబితా పోయిందని తెలిసినప్పటినుంచీ కూర్చుని తనకు గుర్తున్న దాతల పేర్లు రాసుకొచ్చాడు. పేరు, గ్రూపు, వీధి. రెండు వందల పైన ఉన్నాయి. అది బల్లమీద పెట్టాడు.

సూపరింటెండెంట్ గారు మా ప్రింటు కాగితం తీసి నన్నడిగారు.

"ఈ అక్షరాలు ఎవరివమ్మా?"

"నర్సింలు గారివండి."

"ఈ వార్తలో ముందు కాపీ తీయాలని ఉందా?"

"ఉందండి."

"ఇవి కొట్టకుండా పని ముందుకెళ్తుందా?"

"వెళ్లదండి."

మూడు సమాధానాలు. మూడూ నిజమే. ఆయన ఇంకేమీ అడగలేదు. ఆ గడి కాగితం మీద ఉంటే అడిగేవారేమో. లేదు కాబట్టి అడగలేదు. నేను నోరు మెదపలేదు.

ఎందుకు మెదపలేదో ఇన్నేళ్లుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. సురేష్ చెల్లెలని, నా బృందమని, మూర్తిగారి మీది గౌరవమని. అవన్నీ ఉన్నాయి. ఇంకొకటి కూడా ఉంది. నా ప్రోగ్రాం సాక్ష్యం చెబుతుంటే, అందరూ దాని మాట వింటుంటే, లోపల ఎక్కడో నాకు గర్వంగా ఉంది. ఇది రాయడానికే నాకు ఇంతకాలం పట్టింది.

నర్సింలు ఆ కాగితం వంక చూసి అన్నాడు. "నాకైతే యాదికి లేదు సార్. కని పేరున్నదంటే నేనే ఒత్తిన కావొచ్చు."

అతన్ని తీసేశారు. నోటుబుక్కు మాత్రం ఉంచుకున్నారు.

ఆ తర్వాత

కాంట్రాక్టు నిలిచింది. మా పొడి సంతకం కంపెనీని కాపాడిందని మూర్తిగారు అందరికీ మెయిలు పంపారు. మిగతా విభాగాలవాళ్లు వచ్చి అడిగి తీసుకెళ్లారు, మా దాంట్లో కూడా పెట్టుకుంటామని. రాజశేఖర్ గారు నాతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టారు. అమ్మకాల మీటింగుల్లో ఆయనకు అది మంచి సరుకైంది. "మీ స్టాఫ్ తప్పు చేస్తే మా సిస్టమ్ పట్టిస్తుందండి" అని కస్టమర్లకు చెప్పేవారట.

నెల దాటాక నాకు నిద్ర పట్టక, ఆ ఫైలు ప్రింటు తీసి సూపరింటెండెంట్ గారికి ఇద్దామని ఆసుపత్రికి వెళ్లాను. ఫైల్లో ఆ వివరం లేదు. చదివిన వార్తల వివరాలు నెలయ్యాక తుడిచేయాలని, డిస్కు నిండకుండా ఉంటుందని, ప్రోగ్రాంలో నేనే రాశాను. ఆ సంగతే మర్చిపోయాను. అయినా నోటితో చెప్పాను. సూపరింటెండెంట్ గారు విసుక్కున్నారు. "అయిపోయినదాన్ని ఎందుకమ్మా కెలకడం? అతనే ఒప్పుకున్నాడు కదా" అన్నారు. పక్కన కొత్త ఆపరేటర్ కూర్చుని పేర్లు ఎక్కిస్తున్నాడు. నర్సింలు నోటుబుక్కు చూసే ఎక్కిస్తున్నాడు.

సురేష్ కూడా ఎక్కువ కాలం ఉండలేదు. వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ నాకు నమస్కారం పెట్టాడు, నేనేదో మేలు చేసినట్టు.

మీకు చెప్పాలనుకున్నది ఇంతే. హెచ్చరిక రాసేటప్పుడు అది ఎవర్ని కాపాడడానికి రాస్తున్నారో ఒకసారి మిమ్మల్ని మీరే అడగండి. చదివేవాణ్ని కాపాడాలంటే అతని చెయ్యి పట్టుకుని ఆపాలి. దానికి మూడు వారాలు పడుతుంది, పై అధికారి విసుక్కుంటాడు, చూడ్డానికి శుభ్రంగా ఉండదు. రాసినవాణ్ని కాపాడాలంటే ఒక సంతకం చాలు. నేను రెండోది చేసి మొదటిది చేశాననుకున్నాను. ఇప్పుడు ఏ స్క్రీను చూసినా "చదివాను, అంగీకరిస్తున్నాను" అని ఒక గడి. చదవకుండానే టిక్కు పెడతాను, మీలాగే. మీరు ఇది చదివి మారతారన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. మీకూ గడువులుంటాయి, మీకూ మంచి మూర్తిగారు ఒకరు దొరుకుతారు.

కొండాపూర్‌లో

నర్సింలు కొండాపూర్‌లో కడుతున్న ఒక భవనం దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడని సురేష్ వెళ్లిపోయే ముందు చెప్పాడు. ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. ఇటుకలు పేర్చి పైన రేకులు వేసిన గది. ముందు ఇసుక కుప్ప. నన్ను చూసి గబగబా లేచి, ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేశాడు. భార్య మంచినీళ్లు ఇచ్చి లోపలికి వెళ్లింది.

నేను దాచకుండా అంతా చెప్పాను. సురేష్ కొట్టాడని, మూడు సెకన్లని, విచారణకు ముందే నాకు తెలుసని, తెలిసీ ఊరుకున్నానని. ఏడుపొచ్చింది. ఏడ్చాను. అతను తలొంచుకుని విన్నాడు.

"మీరు మంచోళ్లు మేడం," అన్నాడు చివరికి. "నా పానం సల్లబడాల్నని గింత దూరం వొచ్చిన్రు."

"దయతో చెప్పడం లేదు నర్సింలు గారూ. జరిగింది చెబుతున్నాను. మీరు అప్పుడు గదిలో లేరు. చాయ్ తేవడానికి వెళ్లారు."

"చాయ్ తెచ్చినంకనే ఒత్తిన మేడం."

"లేదండీ. అప్పటికే అయిపోయింది."

అతను తల అడ్డంగా ఊపాడు. తొందరేమీ లేదు అతనిలో. నాకు నచ్చజెప్పాలన్నట్టు మెల్లగా మాట్లాడాడు.

"మొదట్ల యాదికి రాలే. ఇంట్ల గూసొని రోజు అదే సోంచాయించిన. మెల్లగ యాదికొచ్చింది. ఇంగ్లీషుల నిండ రాసున్నది. నేను సదువలే. ఎన్ అని ఒత్తిన, ఎల్ అని ఒత్తిన. గిప్పుడు కండ్ల ముంగట కనవడ్తది మేడం."

నేను మళ్లీ చెప్పాను. మొదటినుంచి చెప్పాను. ఈసారి అతను మధ్యలోనే చెయ్యి ఎత్తి ఆపాడు. మొహంలో మొదటిసారి కొంచెం కోపం కనిపించింది.

"సురేష్ సార్ చిన్నోడు. పెండ్లి గావాల్సిన పోరడు. నేను జేసిన తప్పు ఆయన మీదికి తొయ్యకుర్రి మేడం. పాపం తాకుతది."